రంగం చెప్పే రేపు, కట్టమైసమ్మ అడిగే మాట

ఆషాఢ బోనాల్లో అందరి కళ్లూ పోతరాజుల మీదే. నా ధ్యాసంతా లష్కర్ బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో జరిగే రంగం మీద. పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మ భవిష్యవాణి పలుకుతుంది: వానలెట్లా, పంటలెట్లా, రోగాలేమైనా ఉన్నాయా. అంతా మంచే జరుగుతుందని ఊరికే అనదు. మీరు సరిగ్గా చేస్తే నేను చూసుకుంటానంటుంది. ఒక్కో ఏడు గట్టిగానే కోప్పడుతుంది కూడా.

చెరువు కట్టను కాచే కట్టమైసమ్మ కథలోనూ ఇలాంటి బేరమే. ముసురు రాత్రి చెరువు నిండింది. కట్ట మీది కావలివాడికి ఒక ముసలమ్మ కనబడి, కట్ట తెగబోతోంది, వెళ్లి రాజుకు చెప్పమంది. ఆమె ఎవరో వాడికి తెలిసిపోయింది. "నేను తిరిగొచ్చేదాకా తెగనియ్యనని మాటియ్యి తల్లీ" అన్నాడు. ఇచ్చింది. వాడు మళ్లీ రాలేదు. రాజే చంపించాడని కొందరంటారు, తనే ప్రాణం తీసుకున్నాడని కొందరు. మాట తప్పలేక అమ్మ కట్ట మీదే ఉండిపోయింది. 1562 నాటి మన హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన, లోయర్ ట్యాంక్‌బండ్‌లోనూ మైసమ్మ గుడి ఉంది.

ఈ కథను చేర్యాలలో పటాలు గీసే నకాషీ చిత్రకారులతో పటం గీయించాలని నా కోరిక. బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ నడుపుతారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పింది ఇలాంటి పటం విప్పుతూనే. కులానికో పటం ఉంది, చెరువుకెందుకు ఉండకూడదు? ఫ్లైఓవర్ స్తంభాల మీద బోనమెత్తిన ఆడపడుచుల బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి గానీ, నేను చూసినవాటిలో చెరువు మాత్రం లేదు.

పై గడుల్లో పాత కథ. కింద మన నగరం: ఒక చెరువు అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు, నీళ్ల దారిలో లేచిన అపార్ట్‌మెంట్లు, వానాకాలం సెల్లార్లలో మునిగిన కార్లు. పటం చూసి పిల్లలు నవ్వాలి, పెద్దలు కాస్త ఇబ్బంది పడాలి.

చివరి గడి రేపటిది. పచ్చటి అడవి, తేట నీళ్లు గీసి వదిలేస్తే అది క్యాలెండర్ బొమ్మ. ఈసారి మాట అడిగేది అమ్మే కావాలి: పూడిక ఎవరు తీస్తారు, నాలా ఎవరు విడిపిస్తారు, మత్తడి మీద గోడ కట్టనని ఎవరంటారు? ఎదురుగా మనం, నెత్తిన బోనాలతో, ఇంకా జవాబు చెప్పకుండా. పక్కన చెరువు హద్దు చూపే ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) రాయిని కూడా గీయిస్తాను, బొడ్రాయికి పెట్టినట్టే పసుపు కుంకుమలు పెట్టి.