దుకాణపు మెయిల్ పెట్టె ఎవరి చేతిలో ఉంది?

గత ఆషాఢంలో, చిక్కడపల్లిలోని మా ప్రింటింగ్ ప్రెస్సులో పని పలుచబడిన రోజుల్లో, ఒక కస్టమరు ఫోన్ చేసి, తాము పంపిన మెయిల్ రెండుసార్లు తిరిగి వచ్చిందనీ, మేము అడ్రస్ మార్చామా అనీ అడిగారు. మార్చలేదు, మా పెట్టె నిండిపోయింది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలం మెయిళ్లకే కాక ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌కూ, గూగుల్ ఫొటోస్‌కూ కలిపి ఇచ్చినది కాబట్టి, అది పూర్తిగా నిండితే కొత్త మెయిళ్లు మన దాకా రాకుండా పంపినవారికే తిరిగి వెళ్తాయి. మా పెట్టెలో శుభలేఖల డిజైన్ల కంటే పిల్లల పుట్టినరోజు వీడియోలే ఎక్కువ చోటు ఆక్రమించాయి. ఇంటికీ ప్రెస్సుకూ ఏళ్ల తరబడి ఒకే అడ్రస్ వాడినందువల్ల వచ్చిన చిక్కు అది. శ్రావణం వచ్చి పెళ్లిళ్ల పని మొదలయ్యేలోగా దీనిని చక్కబెట్టాలని ఆ నెలంతా కూర్చున్నాను.

ఖాళీ చేయడం తేలికగానే అయింది. వెతికే గడి పక్కనున్న గుర్తును నొక్కితే పరిమాణాన్ని బట్టి వెతకవచ్చు. 10 ఎంబీ దాటినవన్నీ ఒక్కచోట కనిపించాయి. తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, అంతకాలమూ స్థలం లెక్కలోకే వస్తాయి కనుక దానిని కూడా ఖాళీ చేయాలి. అసలు శ్రమ ఇంటినీ ప్రెస్సునూ విడదీయడంలో ఉంది. ప్రెస్సు పేరు మీద ఒక డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) కొని, కొత్త అడ్రస్ పెట్టుకున్నాము. ఈ పనిని వెబ్‌సైటు చేసే కుర్రవాళ్లకు అప్పగించే చిన్న వ్యాపారులకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: డొమైన్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో రిజిస్టరు కావాలి. అది వాళ్ల పేరు మీద ఉండిపోతే, వాళ్లు ఊరు మారిన రోజున మీ దుకాణపు చిరునామా కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది.

పాత అడ్రస్ ఎక్కడెక్కడ ఇచ్చామో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ బ్యాంకు, ఆదాయపు పన్ను, కరెంటు బిల్లు అన్నీ మార్చుకుంటూ వచ్చాక జీఎస్టీ దగ్గర ఆగిపోయాను. మా రిజిస్ట్రేషన్‌లో ఉన్నది మా అడ్రస్ కాదు, అప్పట్లో ఆ పని చేసిపెట్టిన కన్సల్టెంటుది. జీఎస్టీ చట్టంలోని 169వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిలుకు పంపిన నోటీసు మనకు అందినట్టే లెక్క. అంటే మాకు అందినట్టు లెక్కయ్యే నోటీసు ఇన్నేళ్లూ మేము చూడని పెట్టెలోకి వెళ్లేది. ఆయన నమ్మకస్తులు, ఏ నష్టమూ జరగలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోర్టల్‌లో ఓటీపీతో సరిచూసి ఈ వివరాన్ని మార్చుకోవచ్చు. మీ రిజిస్ట్రేషన్‌లో ఎవరి అడ్రస్ ఉందో ఈరోజే చూసుకోండి.

ప్రూఫుల విషయంలో, అంటే అచ్చుకు ముందు కస్టమరు సరిచూసే నమూనాల విషయంలో, ఈమెయిలుకు సాటి మరొకటి లేదని నా అనుభవం. ముహూర్తం అర్ధరాత్రి దాటి 2 గంటలకు ఉంటే మన శుభలేఖల్లో 'బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం' అని వేస్తాము. తేదీ బుధవారానిది వేయాలా గురువారానిది వేయాలా అన్నదాని మీద రెండు వైపుల పెద్దలూ రెండు మాటలు చెప్తారు. వాట్సాప్‌లో మేనమామ ఒకటి, పెళ్లికొడుకు ఒకటి, ఫోనులో పెద్దమ్మగారు మరొకటి చెప్పగా, 500 కార్డులు అచ్చయ్యాక ఎవరి మాట నిలబడాలి? అందుకే ఇప్పుడు తుది ప్రూఫును మెయిలులోనే పంపి, 'సరిచూశాము, అచ్చు వేయండి' అన్న జవాబు ఒకే అడ్రస్ నుంచి వచ్చాకే ప్లేటుకు పంపుతున్నాము. సబ్జెక్టులో వధూవరుల పేర్లు, పెళ్లి తేదీ, ఎన్నో ప్రూఫో రాస్తాము. రెండేళ్ల తర్వాత అదే ఇంట్లో చెల్లెలి పెళ్లికి కార్డు కావాలని వచ్చినా పాత డిజైను నిమిషంలో దొరుకుతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు అటాచ్‌మెంటుగా కాక డ్రైవ్ లింకుగా వెళ్తుంది కాబట్టి, అవతలివారికి తెరిచే అనుమతి ఇచ్చామో లేదో చూసుకోవడం మరవకూడదు.

మాఘమాసపు రద్దీలో, మేము కాగితం కొనే సేఠ్ గారి పేరుతో, బ్యాంకు ఖాతా మారిందనీ, బాకీ కొత్త ఖాతాకు పంపమనీ ఒక మెయిల్ వచ్చింది. బిల్లు నంబరు, మొత్తం అన్నీ సరిగానే ఉన్నాయి. అడ్రస్‌లో మాత్రం ఇంగ్లీషు ఎమ్ ఉండవలసిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న తెరమీద ఆ రెండూ కలిసి ఎమ్‌లాగే కనిపిస్తాయి. మా ఆపరేటరమ్మాయి దానిని పట్టుకుంది. ఆ మెయిలులో ఇచ్చిన నంబరుకు కాక, పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, తమ ఖాతా మారనే లేదని సేఠ్ గారు చెప్పారు. డబ్బు వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెప్తేనే బ్యాంకులు ఆపగలిగే అవకాశం ఎక్కువ. ఆ మర్నాడే మా మెయిలుకు రెండంచెల తనిఖీ (పాస్‌వర్డు తర్వాత మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్నాను. ఫోను దగ్గర లేనప్పుడు లోపలికి వెళ్లడానికి అప్పుడిచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద అచ్చు తీసి, ఇంట్లో బీరువాలో దస్తావేజుల పక్కన ఉంచాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మన మెయిళ్లు మనకు తెలియని అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడాలి. ఒకసారి లోపలికి చొరబడినవారు, తర్వాత మనం పాస్‌వర్డు మార్చినా ఆ దారిని ఉంచుకోగలరు.

ఈ ఆషాఢంలో నాన్నగారి పెట్టె తెరిచాము. ప్రెస్సు పెట్టింది ఆయనే. ఫోనులో మెయిల్ చూడటం మానేసి చాలాకాలమైంది. రెండేళ్లపాటు వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. పాస్‌వర్డు మరిచిపోతే ఖాతాను తిరిగి తెరిచేందుకు ఇచ్చే రికవరీ నంబరుగా ఉన్నది ఎప్పుడో వదిలేసిన సిమ్. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని నంబరు మార్చి, ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి తెలియజేయాలన్న గడిలో నా అడ్రస్ పెట్టాము. ఆ పని అయ్యాక, పాత మిత్రులు రాసిన ఉత్తరాలు ఒక్కొక్కటీ చదివి వినిపించమన్నారు. సాయంత్రం షట్టరు దించేవరకూ చదువుతూనే ఉన్నాను.