మా మేనల్లుడి అలక

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ సీరియల్ అంటే వాడికి ప్రాణం. ఆ పిచ్చి నాకు అంటించినదీ వాడే. ఇప్పుడు ఆ పేరెత్తితే చాలు, "రాజకీయాలు దూర్చి పాడుచేశారు అత్తా" అంటాడు. 2017లో డాక్టర్ పాత్రకు జోడీ విట్టకర్ అనే నటిని ప్రకటించినప్పుడు మొదలైన అలక అది. రువాండాలో పుట్టి స్కాట్లాండ్‌లో పెరిగిన షూటీ గాట్వా ఆ పాత్రలోకి వచ్చేసరికి ముదిరింది. వాడొక్కడే కాదు, ఇంగ్లండులోనూ ఇదే గోల.

చూడనివారి కోసం చెబుతున్నాను. డాక్టర్ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. చావు దగ్గరపడితే ఒళ్ళు మార్చుకుంటాడు. 1966లో మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే, సీరియల్ ఆగిపోకుండా కనిపెట్టిన ఉపాయమది. డాక్టర్‌కు రెండు గుండెలంటే మావాడు నమ్మాడు. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే డాక్టర్ వాహనం బయటికి పాతకాలపు పోలీసు ఫోను పెట్టెలా కనిపించినా లోపల మహలంత ఉంటుందంటే నమ్మాడు. ఆడమనిషిగా మారిందంటే మాత్రం నమ్మశక్యంగా లేదట!

మాది విజయనగరం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి జాతరలో, సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చుని ఊరేగేది పూజారి. మగవాడే. అయినా అమ్మవారే వస్తోందని జనం చేతులు జోడిస్తారు, అరటిపళ్ళు విసురుతారు. మావాడూ విసురుతాడు. అప్పుడు రాని అనుమానం టీవీ ముందు ఎందుకు వస్తుందో అడిగాను. "అది భక్తి, ఇది వేరు" అన్నాడు.

రాజకీయాలంటారా, అవి ఎప్పుడు లేవు? 1963 నవంబరు 23న వచ్చిన మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్, అప్పటికింకా ముప్పై నిండని అమ్మాయి. మగవాళ్ళతో నిండిన ఆనాటి బీబీసీలో వీళ్ళిద్దరి చేతుల మీదుగా మొదలైన సీరియల్ ఇది. రెండో కథలోనే డాలెక్‌లు వచ్చాయి. రచయిత టెర్రీ నేషన్ నాజీలను మనసులో పెట్టుకుని సృష్టించిన శత్రువులు. తమలా లేని ప్రతి ప్రాణినీ తుడిచిపెట్టడమే వాటి పని. మావాడి బల్ల మీద డాలెక్ బొమ్మ ఉంటుంది, చాలా ముద్దుగా చూసుకుంటాడు.

వాడు చెప్పేదంతా కొట్టిపారేయను. విట్టకర్ కాలంలో కొన్ని కథలు నిజంగానే చప్పగా ఉన్నాయి. పాత్రలు మాట్లాడుకోవడం మానేసి మనకు పాఠం చెబుతాయి. ఆ తప్పు రాసినవాళ్ళది, ఆమెది కాదు. మగ డాక్టర్ల కాలంలో చెత్త కథ వస్తే "కథ బాగాలేదు" అని ఊరుకున్న మనిషి, ఇప్పుడు ఆడదాన్ని పెట్టడమే తప్పంటున్నాడు. పైగా తెలుగు సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాస మాట్లాడేవాడు నవ్వించడానికే తప్ప హీరోగా ఎందుకు పనికిరాడని మండిపడేదీ వాడే.

2018లో వచ్చిన పంజాబ్ కథ వాడు చూడనే లేదు. వినయ్ పటేల్ రాశారు. 1947 ఆగస్టులో, సరిహద్దు గీత పడుతున్న వేళ, ప్రేమ్ అనే హిందువుకూ ఉంబ్రీన్ అనే ముస్లిం అమ్మాయికీ డాక్టరే పెళ్ళి చేస్తుంది. ఆ ప్రేమ్ గతేమిటో ఇక్కడ చెప్పను. ఒక బ్రిటిష్ టీవీ సీరియల్ నన్ను అంతగా ఏడిపిస్తుందని అనుకోలేదు.

పండక్కి వచ్చినప్పుడు అది చూడమన్నాను. చూస్తాడట, కానీ బదులుగా నేను డెబ్బైల్లో డాక్టర్‌గా వేసిన టామ్ బేకర్ కాలంనాటి కథలు నాలుగు చూడాలట. ఆ రబ్బరు రాక్షసులను అంతసేపు భరించడం నా వల్ల కాదు. బేరమాడి రెండుకు దించాను.