ఓఈటీ రాసే నర్సులకు: కేస్ షీట్ మొత్తం ఉత్తరంలోకి ఎక్కించకండి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి యూకే నర్సు రిజిస్ట్రేషన్ కోసం ఓఈటీకి (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) కూర్చునే సిస్టర్లకు, బ్రదర్లకు ఇది. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇంగ్లిష్ రాక కాదు. డ్యూటీ మారేటప్పుడు ఏది ముందు చెప్పాలో రోజూ తేల్చేవాళ్లే, రైటింగ్ పరీక్షలో మాత్రం, ఇచ్చిన పేషెంట్ నోట్స్‌లో ఉన్నదంతా రాయాల్సిన ఉత్తరంలో దించేస్తారు.

యూకే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 అడుగుతుంది. రైటింగ్‌కు తక్కువే కదా అని దాన్ని చివరికి నెట్టకండి.

దానికి 45 నిమిషాలు. మొదటి 5 చదవడానికే. పేపర్ పరీక్షలో అప్పుడు పెన్ను ముట్టకూడదు. ఉత్తరం 180 నుంచి 200 మాటలు. నోట్స్ కంటే ముందు చివరన ఉన్న ప్రశ్న చదవండి: ఎవరికి, ఎందుకు రాయాలి? షుగర్ ఉన్న ఒకాయన కాలి పుండు కొంత మానాక డిశ్చార్జ్ అవుతున్నాడనుకుందాం. ఇంటికొచ్చి కట్టు మార్చే కమ్యూనిటీ నర్సుకు పుండు ఎంత ఉంది, కట్టు ఎన్ని రోజులకోసారి, ఇన్సులిన్ డోసెంత, ఏ మందు పడదు అన్నవి కావాలి. అవే నోట్స్‌తో ఫిజియోథెరపిస్టుకు రాస్తే ఎంత దూరం నడుస్తున్నాడు, ఏ కాలి మీద బరువు వేయొద్దన్నారు, ఇంట్లో మెట్లున్నాయా అన్నవి ముందుకొస్తాయి. ఇరవై ఏళ్ల కింద తీసేసిన అపెండిక్స్ ఇద్దరికీ అక్కర్లేదు. ప్రాక్టీసులో ప్రతి లైను దగ్గర ఆగి, ఇది తెలియకపోతే వాళ్లు ఏం పొరపాటు చేస్తారని అడగండి. జవాబు దొరక్కపోతే కొట్టేయండి.

ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే తేలాలి. ఈ 'పర్పస్'కు 3 మార్కులే, మిగతా ఐదు అంశాలకు 7 చొప్పున. అయినా ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఉద్దేశం తప్పితే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కూడా తప్పుతుంది.

తెలుగులో అనుకుని రాస్తే 'ఏ', 'ద' ఎగిరిపోతాయి. 'మూడు రోజుల నుంచి' అన్నది 'సిన్స్ త్రీ డేస్' అయి కూర్చుంటుంది. 'ఫర్ త్రీ డేస్' అని ఉండాలి. 'షుగర్ పేషెంట్', 'గ్యాస్ ట్రబుల్', 'లూజ్ మోషన్స్' మన వార్డులో నడుస్తాయి, ఉత్తరంలో నడవవు.

రీడింగ్ పార్ట్ ఏలో నాలుగు టెక్స్టులు, 20 ప్రశ్నలు, 15 నిమిషాలు. టైం కాగానే ఆ భాగం తీసేసుకుంటారు. మొదట శీర్షికలు, పట్టికలు మాత్రం చూసి ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. జవాబు టెక్స్టులో ఉన్న మాటతోనే రాయండి. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే. లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వస్తుంది కాబట్టి ప్రాక్టీసులోనూ వెనక్కి తిప్పకండి.

స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు, అంటే కార్డులో ఇచ్చిన సందర్భంలో మీరు నర్సుగా పేషెంటుతో మాట్లాడాలి. ఒక్కోదానికి తయారీ 3 నిమిషాలు, మాట సుమారు 5 నిమిషాలు. ఓపీ రద్దీలో జాగ్రత్తలు గబగబా చెప్పి పంపే అలవాటు ఇక్కడ దెబ్బ తీస్తుంది. ముందు పేషెంటుకేం తెలుసో, దేనికి భయపడుతున్నారో అడగండి. కొంత చెప్పి ఆగండి, అర్థమైందో లేదో కనుక్కోండి. కార్డులోని పనులన్నీ పూర్తి కాకపోయినా పర్లేదు.

ఓఈటీ పాసై సీబీటీని (రిజిస్ట్రేషన్ కోసం కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష) వాయిదా వేస్తూ పోకండి, భాషా ఫలితం రెండేళ్లకే చెల్లుతుంది. సీబీటీలో లెక్కలు 15, క్లినికల్ ప్రశ్నలు 100. డోసు లెక్కలకు రోజూ అరగంట పెట్టండి. ఇక డబ్బు సంగతి. యూకే నియామక నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెన్సీ నర్సు దగ్గర రుసుము తీసుకోకూడదు. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోయకండి.

పరీక్ష బుక్ చేసేముందు పదో తరగతి మెమో, నర్సింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.