165 బిలియన్ల ఊళ్లో అందని చెక్కు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం పక్కనున్న చాండ్లర్‌లో, మా ఇంటి పక్క గదిలో కూర్చుని నేను లెక్కలు రాస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా నాలాగే ఎవరి దగ్గరా ఉద్యోగం చేయనివాళ్లు. ఏసీ మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, ఫొటోగ్రాఫర్లు. ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా "మీ దగ్గర చిప్ ఫ్యాక్టరీలు పడుతున్నాయట కదా, ఇక మీ పంట పండినట్టే" అంటారు. ఎవరి పంట పండిందో వీళ్ల పద్దులు చూస్తే తెలుస్తుంది.

2020లో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ 12 బిలియన్ డాలర్లతో ఉత్తర ఫీనిక్స్‌లో ఫ్యాక్టరీ పెడతానంది. 2025 మార్చికి ఆ లెక్క 165 బిలియన్లకు చేరింది. ఇంటెల్ మా చాండ్లర్‌లో 1980 నుంచీ ఉంది. ఫీనిక్స్‌లో మోటరోలా పరిశోధనశాల పెట్టింది 1949లోనే. అంటే ఈ ఎడారికి ఎలక్ట్రానిక్స్ కొత్తేమీ కాదు, ఇంత డబ్బే కొత్త.

నా క్లయింట్లలో ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. సొంత లైసెన్సు, సొంత ట్రక్కు, ఇద్దరు హెల్పర్లు. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఒక భవనంలో వైరింగ్ పని దొరికిందని ఎగిరి గంతేశాడు. తీరా చూస్తే అతను సబ్‌కాంట్రాక్టర్‌కి సబ్‌కాంట్రాక్టర్. హెల్పర్లకు ప్రతి శుక్రవారం డబ్బులివ్వాలి. వైరు, పైపులు క్రెడిట్ కార్డు మీద కొన్నాడు. ఇన్‌వాయిస్ మీద మాత్రం నెట్ 60, అంటే అరవై రోజుల్లో చెల్లిస్తామని. అరవై రోజులు దాటినా చెక్కు రాలేదు. అరిజోనాలో నిర్మాణ పనులకు చెల్లింపుల చట్టం ఉంది, కాదనను. పైవాడి నుంచి డబ్బు అందిన ఏడు రోజుల్లో కాంట్రాక్టర్ కిందివాడికి ఇవ్వాలి, ఆలస్యమైతే నెలకు 1.5 శాతం వడ్డీ. కానీ పైవాడికే అందకపోతే? అక్కడే ఆగుతుంది కథ.

డబ్బు రాకపోతే ఆ భవనం మీద హక్కు (లీన్) పెట్టుకునే దారి కూడా ఉంది. దానికి పని మొదలుపెట్టిన 20 రోజుల్లోపు నోటీసు పంపాలి. ఆలస్యంగా పంపితే అంతకు ముందు 20 రోజుల పనికీ, ఆ తర్వాతి పనికీ మాత్రమే వర్తిస్తుంది, దానికి ముందు చేసినదానికి నీళ్లొదులుకోవాల్సిందే. మా ఎలక్ట్రీషియన్ పంపలేదు. "అలా పంపితే నమ్మకం లేదనుకుంటారేమో" అన్నాడు. ఈ మొహమాటం మన తెలుగువాళ్ల సొత్తనుకున్నాను, కాదు.

రసీదులు ఇమ్మంటే ట్రక్కులోంచి ఒక కట్ట తెచ్చిచ్చాడు. జూలైలో డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన రసీదు కాగితం వేడికి మొత్తం నల్లబడిపోతుంది, అక్షరం కనిపించదు. కార్డు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఏ షాపు, ఏ రోజు అని ఒక్కొక్కటీ వెతుక్కున్నాం. ఎండ తిన్న ఖర్చుకు పన్ను తగ్గింపు అడగాలంటే వేరే దారి లేదు. నా క్లయింట్లందరికీ ఇప్పుడు ఒకటే మాట చెబుతున్నాను: కొన్నచోటే ఫొటో తీసి పంపండి.

డ్రైవర్ల సంగతి వేరు. నేను బాబాయ్ అని పిలిచే తెలుగాయన ఒకాయన ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేస్తాడు. చాండ్లర్ వైపు వేమో అనే కంపెనీ కార్లు డ్రైవర్ లేకుండా మామూలు జనాన్ని ఎక్కించుకోవడం 2020లోనే మొదలుపెట్టాయి. "అమ్మాయీ, దానికి నిద్ర రాదు, ఆకలేయదు. అయితే సూట్‌కేసు మాత్రం ఎత్తిపెట్టదు" అంటాడు. ఇప్పుడాయన క్యాబ్ యాప్ ట్రిప్పులు తగ్గించేసి, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని తీసుకొచ్చే పని పెంచుకున్నాడు. ఇంగ్లిష్ రాని పెద్దావిడ టెన్షన్ పడకుండా ఇంటికి చేరితే, పిల్లలు అప్పటికప్పుడు డబ్బు పంపేస్తారు. యాప్ కమిషన్ లేదు.

నా పద్దుల్లో అందరికంటే బాగున్నది ఏసీ మెకానిక్. చిప్ ఫ్యాక్టరీ గేటు కూడా చూసి ఉండడు. 2023లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ పైన కాసింది ఇక్కడ. అంటే 43 సెల్సియస్ పైమాటే. ఉద్యోగాలకొచ్చినవాళ్లు ఇళ్లు కొన్నారు, ఆ ఇళ్ల ఏసీలు ఆగిపోయాయి, ఇతను తెల్లారకముందే ఏసీ ఉన్న అటక మీదికెక్కి పని మొదలుపెట్టాడు. ఏసీ తిరిగి చల్లగాలి వదలగానే చేతిలో చెక్కు. నెట్ 60 అనే ధైర్యం ఆ ఎండలో ఎవరికుంటుంది?

పన్నుల దగ్గర మాత్రం అందరిదీ ఒకటే గోల. రాష్ట్రం తీసుకునేది 2.5 శాతమే, దాన్ని చూసి మురిసిపోతారు. ఫెడరల్‌లో ఆదాయపు పన్ను కాక స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం ఉంటుంది, అదీ ఏడాదికి నాలుగుసార్లు ముందే కడుతూ ఉండాలి. చెక్కు రాకపోయినా ఆ తేదీ వచ్చేస్తుంది.

ఎలక్ట్రీషియన్‌కి చివరికి డబ్బొచ్చింది, వడ్డీ లేకుండా. మొన్న మళ్లీ అటువైపు పనికి పిలుపొచ్చిందని ఫోన్ చేశాడు. నీ పైన ఎంతమంది ఉన్నారో కనుక్కో అన్నాను. ముగ్గురట. మొదటి రోజే నోటీసు పంపమన్నాను, రేటు కూడా పెంచి చెప్పమన్నాను.