మార్వెల్ ఫ్యాన్, డీసీ ఫ్యాన్: బ్యానర్ మీద ఇంత అభిమానం ఎక్కడిది

మన సినిమాల్లో ఎవడూ బ్యానర్‌కి ఫ్యాన్ అవ్వడు కదా, హీరో ఏ ప్రొడ్యూసర్ దగ్గర చేసినా కటౌట్ ఆయనకే, పాలాభిషేకం ఆయనకే. అమెరికన్ కామిక్స్‌లో ఇది పూర్తిగా రివర్స్. అక్కడ హీరో మార్వెల్, డీసీ లాంటి కామిక్స్ కంపెనీల ఆస్తి. రాసేవాళ్ళు గీసేవాళ్ళు వస్తుంటారు పోతుంటారు, స్పైడర్‌మ్యాన్ మాత్రం మార్వెల్‌లోనే ఉంటాడు, బ్యాట్‌మ్యాన్ డీసీ గడప దాటడు. అందుకని చదివేవాడు కూడా చివరికి బ్యానర్‌కే అతుక్కుపోతాడు. నేను మార్వెల్, మా మేనత్త కొడుకు డీసీ. పెళ్ళిళ్ళలో కలిసినా ఇదే గొడవ, అత్త వచ్చి "భోజనాలకి లేవండ్రా" అని అరిచేదాకా ఆగదు.

మాకు ఇది ఎలా పట్టుకుందంటే, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద. అక్కడ మనం ఏరుకునేది ఏమీ ఉండదు, ఆ రోజు గుట్టలో ఏం పడితే అదే. బావకి డీసీ వాళ్ళ చిన్న సైజు డైజెస్టులు దొరికేవి, అందులో కథ మొదలై అందులోనే అయిపోయేది, తర్వాతి సంచిక ఎప్పటికీ దొరకని ఊళ్ళో అది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. నాకేమో చిరిగిపోయిన మార్వెల్ సంచికలు, సగంలో మొదలై సగంలో ఆగేవి, పైగా పేజీ అడుగున స్టార్ గుర్తు పెట్టి "ఈ సంగతి ఫలానా పుస్తకం ఫలానా నంబర్‌లో జరిగింది" అని ఎడిటర్ నోట్ ఒకటి. ఆ నంబర్ నాకెక్కడ దొరుకుతుంది! కానీ ఆ చిన్న నోట్లే నన్ను పట్టేశాయి. ఈ పుస్తకం వెనక ఇంకా పెద్ద ప్రపంచం ఏదో నడుస్తోంది, నాకు దాంట్లో ఒక ముక్కే తెలుసు అనే దురద. ఇదంతా అదృష్టం మీద ఆధారపడిందేగా, ఆ గుట్టలు తారుమారై ఉంటే ఇప్పుడు నేను డీసీ తరఫున అరుస్తూ ఉండేవాడినేమో.

కానీ అలా అడుగుపెట్టినవాడిని అక్కడే కట్టిపడేసే పని మాత్రం కంపెనీ కావాలనే చేసింది, అందులో మార్వెల్ ఎడిటర్, రచయిత స్టాన్ లీ మొనగాడు. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్, 1962లో స్పైడర్‌మ్యాన్ వచ్చాయి కదా, అప్పటికి మార్వెల్ పరిస్థితి ఏంటంటే పుస్తకాలు షాపులకి చేర్చే పని ఇండిపెండెంట్ న్యూస్ అనే సంస్థది, ఆ సంస్థ డీసీ వాళ్ళది! నెలకి దాదాపు ఎనిమిది పుస్తకాలకి మించి పంపం అని హద్దు పెట్టారు. పోటీవాడి లారీలో మన సరుకు అన్నమాట. అయితే నాకు అనిపించేది ఏంటంటే ఆ హద్దే మార్వెల్‌కి వరమైంది. పుస్తకం 12 సెంట్లు, ఎనిమిది కొన్నా డాలర్ దాటదు, అంటే ఒక పిల్లాడు పాకెట్ మనీతో నెలనెలా మొత్తం మార్వెల్ కొనేసుకోవచ్చు. అన్నీ దాదాపు ఒకే మనిషి చేతి మీదుగా వస్తున్నాయి, అందరూ న్యూయార్క్‌లోనే తిరుగుతుంటారు, ఒకడి కథలోకి ఇంకొకడు దూరిపోతుంటాడు. అన్నీ చదివినవాడికే పూర్తి మజా. డీసీలో అప్పుడు ఒక్కో ఎడిటర్ది ఒక్కో కొట్టు, సూపర్‌మ్యాన్ పుస్తకాలు ఒకరివి, ఫ్లాష్ లాంటివి ఇంకొకరివి.

ఇంక పుస్తకంలో పాఠకుల ఉత్తరాల పేజీ సంగతి. స్టాన్ లీ పాఠకుడితో ఎదురింటి అన్నయ్యలా మాట్లాడేవాడు, ఆర్టిస్టులకి ముద్దుపేర్లు పెట్టేవాడు, అవతలి కంపెనీని పేరు చెప్పకుండా "బ్రాండ్ ఎక్", అంటే ఛీ బ్రాండ్ అన్నట్టు, ఎగతాళి చేసేవాడు. డాలర్ కడితే ఫ్యాన్ క్లబ్‌లో మెంబర్‌షిప్ కార్డు, బ్యాడ్జి, ఆఫీసులో వాళ్ళ గొంతులు రికార్డు చేసిన ఒక గ్రామఫోన్ ప్లేటు కూడా పంపేవాళ్ళు. నాకు అన్నిటికన్నా నచ్చేది నో-ప్రైజ్, కథలో తప్పు పట్టి ఉత్తరం రాసినవాడి లాంటి పాఠకులకి ఇచ్చే బహుమతి. గెలిచినవాడికి పోస్టులో కవరు వస్తుంది, లోపల ఏమీ ఉండదు, ఖాళీ! కొన్నాళ్ళకి రూల్ ఎక్కడికి చేరిందంటే, కథలో తప్పు పట్టుకుంటే చాలదు, అది అసలు తప్పే కాదని నువ్వే ఒక కారణం కల్పించి రాయాలి, అప్పుడే ఆ ఖాళీ కవరు. ఆలోచించండి, కంపెనీ చేసిన పొరపాటుకి పాఠకుడే లాయరు, అదీ ఫీజు లేకుండా. ఈ రోజు ఆన్‌లైన్‌లో మా వాళ్ళు సినిమాల్లో లాజిక్ పోయిన చోటల్లా "అది కాదు బ్రో, యాక్చువల్‌గా" అని మొదలుపెట్టడానికి పునాది అక్కడే పడిందని నా గట్టి నమ్మకం.

మరి మనం ప్రేమించేది కంపెనీనా, ఆ పని చేసిన మనుషుల్నా? దీనికి ఆర్టిస్టు జాక్ కిర్బీ కథ చాలు. మార్వెల్ రూపురేఖల్లో సగానికి పైగా ఆయన చెయ్యే, 1970లో విసిగిపోయి డీసీకి వెళ్ళిపోయాడు. అక్కడ న్యూ గాడ్స్ లాంటివి కొత్తగా మొదలుపెట్టాడు, డార్క్‌సైడ్ అనే విలన్ పుట్టింది అప్పుడే. అవి ఎక్కువకాలం నడవలేదు, ఆపేశారు. అంతకన్నా బాధ కలిగించేది, ఆయన గీసిన సూపర్‌మ్యాన్ మొహాల్ని డీసీ వాళ్ళు వేరేవాళ్ళతో మళ్ళీ గీయించి అచ్చేశారు, మా సూపర్‌మ్యాన్ ఇలా ఉండడు అని. కిర్బీ అంతటివాడి గీత కూడా బ్యానర్ ముందు నిలబడలేదు. బావ ఈ విషయం వస్తే మాత్రం సైలెంట్, నేనూ మార్వెల్ ఆయనకి చేసిన అన్యాయం గురించి మాట్లాడను, అదో ఒప్పందం మాకు.

ఎదురు ఉదాహరణ లేదా అంటే ఉంది, 1992లో టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ, రాబ్ లీఫెల్డ్ లాంటి స్టార్ ఆర్టిస్టులు మార్వెల్ వదిలి ఇమేజ్ అనే సొంత కంపెనీ పెట్టుకుంటే జనం వెంట వెళ్ళారు, అందులో మెక్‌ఫార్లేన్ కామిక్ స్పాన్ మొదటి సంచిక 17 లక్షల దాకా అమ్ముడైంది. కానీ అందుకని మార్వెల్ వాళ్ళ ఎక్స్-మెన్ చదవడం మానేసినవాడు నాకైతే తగల్లేదు, రెండూ కొన్నారు అంతే.

అసలు ఈ పిచ్చిని రెండు కంపెనీలు కలిసి ఓట్లుగా మార్చిన ముచ్చట 1996లో జరిగింది. ఇటు హీరోలు అటు హీరోలు కొట్టుకునే ఉమ్మడి సిరీస్, పదకొండు ఫైట్లు, అందులో అయిదింటిలో ఎవరు గెలవాలో పాఠకుల ఓటుకి వదిలేశారు. సూపర్‌మ్యాన్ హల్క్‌ని కొట్టాడు, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికాని. ఇటు స్పైడర్‌మ్యాన్ సూపర్‌బాయ్‌ని, ఎక్స్-మెన్ టీమ్‌లోని స్టార్మ్ ఏకంగా వండర్ వుమన్‌ని! దేవతల బలం ఉన్న మనిషి ఓడిపోవడం ఏంటి అని బావ ఇప్పటికీ మండిపడతాడు, నిజం చెప్పాలంటే అది బలం లెక్క కాదు, ఆ రోజుల్లో ఎక్స్-మెన్ కొనేవాళ్ళ లెక్క. అయిదోది మా వుల్వరిన్, డీసీ వాళ్ళ లోబో. వుల్వరినే గెలిచాడు, కానీ అసలు కొట్లాటంతా బార్ కౌంటర్ వెనక జరుగుతుంది, మనకేం కనపడదు, కాసేపటికి వుల్వరిన్ ఒక్కడే లేచి నిలబడతాడు. చూపించని ఫైట్ చెల్లదంటాడు బావ. ఓట్లు పడ్డాయి కదా బావా, ఇంకేం చెల్లాలి అంటాను నేను.