మిక్ కనిపించగానే బర్కిట్ అనేశాను

ఎండీ తర్వాతి ప్రత్యేక కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్ సూపర్ స్పెషాలిటీ ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. మెడికల్ ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) సీటుకు సరిపోయే ర్యాంకు వచ్చింది. రోజుకు ఎన్ని గంటలు చదివావని అందరూ అడుగుతున్నారు. గంటల సంగతి పక్కన పెట్టండి, నిరుడు నేను తప్పిన ఒక్క ప్రశ్న గురించి చెబుతాను.

అది పరీక్షకు వారం ముందు రాసిన మాక్ టెస్టు. హెచ్‌ఐవీ రోగి, చిగుళ్ల మీద వేగంగా పెరుగుతున్న గడ్డ, కణాల పెరుగుదలను నడిపే మిక్ జన్యువు చోటు మారింది. ఏ జబ్బు? మిక్ అన్న మాట చూడగానే బర్కిట్ (లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్‌లో ఒక రకం) అని టిక్కు పెట్టేశాను. సీడీ20 (రోగనిరోధక బి కణం గుర్తు) నెగటివ్, సీడీ138 (బి కణం ముదిరి మారే ప్లాస్మా కణం గుర్తు) పాజిటివ్ అని పక్కనే రాసి ఉంది, చదవలేదు. అది ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా అనే మరో రకం. నాలుగు మార్కులు రాకపోగా ఒకటి పోయింది. అసలు పరీక్షలోనూ ఇదే జబ్బు: ఒక ఆధారం దొరకగానే తీర్పు రాసేయడం.

సీనియర్ అక్క ఫోనులోనే కడిగేసింది. “మిక్ ఏమైనా బర్కిట్ సొంత ఆస్తా? ముందు కణం ఏదో చూడు, తర్వాత జన్యువు చూడు” అంది.

అప్పుడు మళ్లీ మొదటి నుంచి చదివాను. బర్కిట్‌లో సుమారు 80 శాతం కేసుల్లో 8, 14 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి, మిగిలిన వాటిలో 2, 8 లేదా 8, 22. మిక్ వెళ్లి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీ) జన్యువు పక్కన చేరుతుంది. బి కణంలో అది ఎప్పుడూ తెరిచి ఉండే కొట్టు, పక్కన చేరినవాడికీ బేరాలే. ప్లాస్మాబ్లాస్టిక్‌లోనూ దాదాపు సగం కేసుల్లో ఇదే కథ. ఒంట్లోని ఖాళీల్లో చేరిన ద్రవంలో పెరిగే ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమాకు మాత్రం హెచ్‌హెచ్‌వీ8 అనే వైరస్ కావాలి, అక్కడ మిక్ సాధారణంగా కదలదు. మిక్‌తో పాటు బీసీఎల్2 అనే జన్యువు కూడా తెగితే దాన్ని డబుల్ హిట్ లింఫోమా అంటారు. మిక్, బీసీఎల్6 జన్యువుల జంటను 2022 డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ ఆ కోవలోంచి తీసేసింది. పాత నోట్సు నమ్ముకున్నవాళ్లు జారేది ఇక్కడే. ఇంకొకటి, హెచ్‌ఐవీ రోగిలో సీడీ4 (ఆ వైరస్ దెబ్బతీసే రక్షక కణాలు) సంఖ్య మరీ పడిపోకుండానే బర్కిట్ రావచ్చు.

మిగతా సబ్జెక్టులు మీకు తెలిసినవే, రెండుసార్లు తిరగేశాను. ఉద్యోగం మానేసి తిరుపతిలో అద్దె గదిలో ఖాళీగా కూర్చున్నానని బంధువులు అన్నారు. ఖాళీగా కూర్చున్నవాడికి నడుం నొప్పి వస్తుందా? పెళ్లిళ్లకు వెళ్లలేదు, నిజమే. ఫోను పక్కన పడేయలేనివాళ్లు నన్ను సలహా అడగవద్దు.

మొన్న మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి అందక, అలవాటు కొద్దీ “ఎనిమిది పద్నాలుగు, రెండు ఎనిమిది, ఎనిమిది ఇరవై రెండు” అని గొణుక్కుంటున్నాను. పక్కన ఎక్కుతున్న పెద్దావిడ ఆగి, “అది ఏ స్తోత్రం నాయనా?” అని అడిగింది.