రంగంలో పోయిన మా పెదతాత వివరాలు ఎలా దొరికాయంటే

మా తాతకి ఒక అన్న ఉండేవాడు. ఆయన గురించి మా ఇంట్లో తెలిసింది ఒక్క ముక్కే, ‘రంగం వెళ్లి మరి రాలేదు’ అని. రంగం అంటే బర్మాలోని రంగూన్. విశాఖ దగ్గర పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి కూలి పనికి రంగూన్ వెళ్లినవాళ్లు అప్పట్లో వేలల్లో ఉన్నారు. జపాన్ సైన్యం బర్మాలోకి దిగాక అడవుల వెంట నడిచి వస్తూ దారిలోనే ప్రాణాలు వదిలినవాళ్లూ ఎందరో. పెదతాత కూడా అలా పోయినవాడే అనుకుంది మా నాన్న తరం. మా తాత చెల్లెలు, మేం చిన్నమామ్మ అంటాం, తొంభై దాటాయి, ఆవిడ మాత్రం ‘కాదురా, పటాలంలో సేరాడు’ అనేది. వయసు మీద పడి అలా అంటోందిలే అని ఎవరూ పట్టించుకోలేదు.

నాకు గట్టి నమ్మకం కుదిరింది ఆవిడే చెప్పిన ఇంకో సంగతితో. పట్నంలో బాంబులు పడ్డ ఏడాది దసరా వెళ్లాక అన్నయ్య వెళ్లాడని, బాంబుల రోజు పట్నం జనం మూటలతో మా ఊరికి వచ్చేస్తే వాళ్లకి గంజి కాచి పోశారని చెప్పింది. విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న, అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు బీచ్ రోడ్‌లో విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అంతకు నెల ముందే, మార్చి 8న, రంగూన్ జపాన్ వాళ్ల చేతుల్లోకి పోయింది. అంటే ఆ ఏడాది దసరా తర్వాత ఇక్కణ్నుంచి కూలి పనికి ఎవరూ రంగూన్ వెళ్లే వీలే లేదు. ఆయన బర్మాలో చనిపోయాడంటే సైన్యంతో వెళ్లి ఉండాలి, అంతే.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోరాడి చనిపోయిన సైనికుల వివరాలు ఉంటాయి, డబ్బులేం కట్టక్కర్లేదు. కానీ మన ఉత్తరాంధ్ర పేరుతో అందులో వెతకడం చాలా కష్టం. సింహాద్రి అప్పన్న దయ వల్ల ఇంటికో అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం, మా పెదతాతదీ అలాంటి పేరే. ఇంటిపేరు చాలా రికార్డుల్లో రాయలేదు, ఇంగ్లీషులో ఏ గుమాస్తాకి ఎలా వినిపిస్తే అలా రాశారు. పేరుతో వెతికి వెతికి విసుగొచ్చింది. చివరికి పనిచేసింది ఏంటంటే, అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో అదనపు సమాచారం అని ఒక గడి ఉంటుంది, అందులో మనిషి పేరు కాకుండా జిల్లా పాత పేరు కొట్టాలి, వైజాగపటం అని, ఆ రోజుల ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో (Vizagapatam). మీ ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనో విజయనగరం జిల్లాలోనో ఉన్నా ఇదే కొట్టి చూడండి, ఎందుకంటే శ్రీకాకుళం విడిపోయింది 1950లో, విజయనగరం జిల్లా అయ్యింది 1979లో, యుద్ధం నాటికి అంతా ఒకటే జిల్లా. వచ్చిన జాబితాని ఎక్సెల్‌లోకి దించుకుని తండ్రి పేరు పట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను.

దొరికాడు. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో సాపర్, అంటే రోడ్లు, వంతెనలు వేసే, మందుపాతరలు తీసే దళం. 1944 డిసెంబర్‌లో మరణం. సమాధి లేదు, పేరు రంగూన్ మెమోరియల్ మీద ఉంది. అది రంగూన్‌కి ఉత్తరాన టౌక్యాన్ యుద్ధ శ్మశానంలో ఉంది, సమాధి తెలియని దాదాపు 27 వేల మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కారు. వాళ్లలో మనవైపు పల్లెల పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ జాబితా చూస్తే గుండె పట్టేస్తుంది.

పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం: ఫలానా తండ్రి, ఫలానా తల్లి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు. తల్లిదండ్రుల పేర్లు చిన్నమామ్మ చెప్పినవే. ఊరి పేరులో ఒక అక్షరం తేడా. కానీ భర్త? ఆయనకి పెళ్లయిందని మాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఫోన్‌లో చూపించి ఆ పేరు చదివితే చిన్నమామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అది మనువెళ్లిపోయింది కదరా, ఇంకేటి సెప్తాం’ అంది. పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన వెళ్లిపోయాడట. టెలిగ్రాం వచ్చాక ఆ అమ్మాయి ఏడాది పాటు అత్తారింట్లోనే ఉందట, ఆ తర్వాత వాళ్లన్న వచ్చి తీసుకెళ్లి కొత్తవలస దగ్గర ఇంకో సంబంధం చేశాడట. మాలో మారుమనువు తప్పేం కాదు. గొడవంతా పింఛను డబ్బు దగ్గర వచ్చింది, మాటలు తెగిపోయాయి, ఆమె పేరెత్తడం మానేశారు. పద్ధెనిమిదేళ్లు కూడా నిండని పిల్ల, ఆమె చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొత్తవలస వైపు చుట్టాల ద్వారా ఆమె మనవడి ఇల్లు పట్టుకున్నాం. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని నాన్నకి ఒకటే టెన్షన్. వాళ్లు మాత్రం అన్నం పెట్టందే వదల్లేదు. భోజనాలయ్యాక ఆ అన్న ఒక ఫొటో తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, స్టూలు మీద చెయ్యి వేసి నిలబడ్డ కుర్రాడు, ఓ మూల చెదలు తినేసింది, వెనకాల బెంగుళూరు స్టూడియో ముద్ర. వాళ్ల నాయనమ్మ ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకుందట, వాళ్ల తాతకీ తెలుసట. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆమె మొదటి భర్త పేరు చెప్పి ఒక పంచె పెట్టించేదట. ఆమె పోయాక కూడా వాళ్లు మానలేదు. మేమూ ఇన్నేళ్లుగా ఆయనకి పెడుతూనే ఉన్నాం, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

వచ్చే పెద్దల పండక్కి మా ఇంట్లో ఆమె పేరున చీర పెట్టాలని నేనూ నాన్నా అనుకున్నాం. వేరే ఇంటి పెద్దకి మనం పెట్టకూడదని బాబాయి అంటున్నాడు, చిన్నమామ్మ పెట్టమంటోంది, ఆవిడ మాటే నెగ్గేలా ఉంది.

కాగితాల పని ఇంకా ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక మాజీ హవల్దారు గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు, సర్వీస్ నంబరు ఉంది కాబట్టి బెంగుళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (ఆ సాపర్స్ దళానికి ఇప్పటి పేరు) రికార్డు ఆఫీసుకి రాయమని. రాశాను. ఊరి పేరులో తప్పు దిద్దమని కమిషన్‌కి కూడా రాయొచ్చు, ఆధారాలు చూపిస్తే సరిచేస్తారు. దానికి పాత భూమి కాగితం ఒకటి దొరికింది, ముత్తాత పేరు, ఊరి పేరు రెండూ ఉన్నాయి. కొత్తవలస అన్న ఫొటోకి రెండు వైపులా స్కాన్ తీయించి పంపిస్తానన్నాడు, అది రాగానే రెండూ కలిపి పంపేస్తాను.